టేకు మేజ మీద తెల్ల మచ్చ

మా అత్తగారింట్లో ముందు గదిలో ఒక టేకు మేజ ఉండేది. మా ఆయన దుబాయి నుంచి పైసలు పంపితే ఆదిలాబాద్ కలపతో చేయించారు. దాని మీద ఎవరూ తినరు, ఎవరూ రాయరు. అత్తమ్మ పొద్దున్నే తుడిచి, కొడుకు తల నిమిరినట్టు దాన్ని ఒకసారి నిమిరేది. ఆ ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ.

పెళ్లయిన మొదటి ఏడు, పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాడు, నన్ను తల్లిగారింటికి తీసుకుపోవడానికి మా అన్న వచ్చాడు. జమ్మికుంట వైపు పోయే బస్సు మధ్యాహ్నం ఒక్కటే. అక్కడ నన్ను కన్న మా అవ్వ గునుగు పూలు, తంగేడు పూలు ముందేసుకుని ఎదురుచూస్తుంటుంది. బస్సు తప్పితే పండుగ తప్పినట్టే.

కింద కూర్చున్న అన్నకు వడ్డించే తొందరలో పొయ్యి మీంచి దించిన ఉడుకుడుకు అన్నం గంజును మేజ మీద పెట్టాను. ఎత్తేసరికి పాలిష్ మీద గుండ్రటి తెల్ల మచ్చ.

అత్తమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నా కొడుకు ఎండల మాడి సంపాయించింది బిడ్డా. గీ మచ్చ పోయినంక పో" అన్నది.

కొబ్బరినూనెలో బూడిద కలిపి రుద్దాను. పోలేదు. తల్లిగారింట్లో ఎప్పుడో చూసిన ఉపాయం గుర్తొచ్చి, పాత ధోతి ముక్క మడతపెట్టి మచ్చ మీద వేసి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెను ఆనించాను. తీసి చూడాలి, మళ్లీ ఆనించాలి. తొందరపడి వేడి పెంచితే పాలిష్ పొంగుతుంది. నా ప్రాణమంతా బస్సు మీదే. ఇస్త్రీపెట్టెను గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది, అయినా మెల్లగానే ఆనించాను. చివరికి మచ్చ పోయింది.

సంచి పట్టుకుని గడప దగ్గరికి వచ్చాను. అప్పుడే అత్తమ్మ, "పండుగ పూట చాయ తాగకుంట పోతవా అయ్యా" అంటూ అన్నకు స్టీలు గ్లాసులో పొగలు కక్కే చాయ తెచ్చి, తన చేత్తోనే మేజ మీద పెట్టింది. అన్న గ్లాసు ఎత్తాడు. కింద మళ్లీ తెల్ల సున్న.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె గోడ వైపు చూసింది.

"నా తప్పే అత్తమ్మా" అన్నాడు అన్న. ఆడపిల్లనిచ్చిన ఇంటి మనిషి ఇంకేమంటాడు? "గా గుడ్డ ఇటియ్యి చెల్లె, నేను తీస్త."

తన అంగీ కూడా ఎన్నడూ ఇస్త్రీ చేసుకోనివాడు మేజ మీదికి వంగాడు. నన్ను తీసుకుపోవడానికి వచ్చి నాతో పాటే చిక్కుకున్నాడు. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఇద్దరమూ తలెత్తలేదు.

అత్తమ్మ దగ్గరికొచ్చి, ఎంతో ప్రేమగా నా తల నిమిరింది. "పరేషాన్ గాకు బిడ్డా. రేపు పోదురు తియ్యి. గీడ గూడ బతుకమ్మనే గదా."

సాయంత్రం సంచి విప్పాను. మా అవ్వకు చూపిద్దామని పెట్టుకున్న కొత్త చీర కట్టుకుని, అత్తమ్మ పేర్చిన బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టాను.