పళ్లెంలో ఆకుపచ్చ మరక

తెల్లవాళ్ల పాలన ఇంకా పోని రోజులవి. నాకు పదిహేడేళ్లు, గురజాలలో కొత్త కాపురం. మావారు బడిపంతులు. ఆయన ఉద్యోగం ఖాయం చేయాల్సిన ఇన్‌స్పెక్టరుగారు సాయంత్రం మా ఇంటికి ఫలహారానికి వస్తానన్నారు. పల్చటి మినపరొట్టెలు కాల్చి, మధ్య మధ్య అల్లం పచ్చడి, గట్టి పెరుగు పరిచి, ముక్కలు కోసి, నిమ్మరసం చల్లాను. పక్కింటి మరియమ్మత్త ఇచ్చిన పెద్ద ఇత్తడి పళ్లెంలో పొద్దున్నే అందంగా సర్ది ఉంచాను.

ఇన్‌స్పెక్టరుగారు ఒక ముక్క తిని, "చానా బాగుందమ్మా!" అంటూ రెండోది తీశారు. దాని కింద పళ్లెం ఆకుపచ్చగా కనిపించింది. కళాయి పూత పోయిన ఇత్తడికి పులుపు తగిలి చిలుము పట్టింది. అది విషమని అమ్మ చెప్పేది. చెబితే మావారి ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఈయన ప్రాణం పోతుంది.

"తినమాకండి బాబుగారూ! చిలుం పట్టింది!" అని అరిచి ఆయన చేతిలో ముక్క లాగేసుకున్నాను.

ఆయన పెరట్లోకి పరుగెత్తి, గొంతులో వేలు పెట్టుకుని కక్కారు.

"ఎంత పని చేశావే!" అన్నారు మావారు, పాలిపోయిన ముఖంతో.

ఇన్‌స్పెక్టరుగారు గంటసేపు అరుగు మీద పడుకుంటే, నేను తలుపు చాటునుంచి ఆయన ఊపిరి ఆడుతోందా అని చూస్తూ నిలబడ్డాను.

చివరికి లేచి, చెప్పులేసుకుంటూ నవ్వారు. "అమ్మాయీ, మళ్లీ వస్తా. ఈసారి విస్తరాకులో పెట్టు."

మావారి ఉద్యోగం ఖాయమైంది. ఆ గంట భయం మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.