సర్వర్‌లో లాల్యా ఫొటో

దయ్యాల మాటెత్తితే ఎదుటివాడి మొహం మీదే నవ్వే రకం నేను. పోయిన ఫైలు పోయినట్టే అనేవాణ్ణి. ఇది చదివి ఇప్పుడు మీరు నవ్వుతారు, నవ్వండి.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. మహబూబాబాద్‌లో మాది ఫొటో స్టూడియో, వెనకే ఇల్లు. ధర్నాలు, రాస్తారోకోలు, దీక్షలు అన్నీ తీసేవాణ్ణి. ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చి, దుకాణం నుంచి తెరుచుకునేలా నెట్‌వర్క్ షేర్ అనే ఫోల్డర్ పెట్టాను. ఫొటోలు ముందు క్యాష్ డ్రైవ్ అనే చిన్న డిస్కులో పడతాయి. రోజుకోసారి వాటంతట అవే పెద్ద డిస్కుల్లోకి మారతాయి. ఆ మార్పిడికి మధ్యాహ్నం రెండు గంటలు టైం పెట్టాను, అప్పుడు గిరాకీ ఉండదని.

భూపాలపల్లి వైపు బొగ్గు బాయిల్లో సమ్మె మొదలయ్యాక కరెంటు కోతలు పెరిగాయి. మా వీధికి కోత సరిగ్గా రెండు గంటలకే. కోతను తిట్టడానికి తీరిక ఉండేది గానీ టైం మార్చాలన్న బుద్ధి పుట్టలేదు. మూడు వారాల ఫొటోలు చిన్న డిస్కులోనే ఉండిపోయాయి. కెమెరా కార్డు ఎప్పటికప్పుడు చెరిపేసేవాణ్ణి. ఒకరోజు కరెంటు హై వోల్టేజీతో వచ్చి ఆ డిస్కు కాలిపోయింది. దాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టి, సర్వర్ వైరు పీకేసి, గదికి గొళ్లెం వేశాను.

ఆ వారమే కేసముద్రం దగ్గరి తండా నుంచి ఒక అవ్వ వచ్చింది. ఆమె భర్త లాల్యా జ్వరంతో చనిపోయాడు. దీక్షా శిబిరంలో నేను తీసిందే ఆయన బతుకులో దిగిన ఒక్క ఫొటో.

"దినాలకు పటం కట్టియ్యాలె బిడ్డా. గా ఫొటో తీసియ్యి."

"కాలిపోయిందవ్వా. లేదు."

"జర జూడు. నువ్వు తియ్యంగ నేను పక్కనే ఉన్న."

లేదని నమ్మించడానికే షేర్ మీద నొక్కాను. దొరకలేదని రావాలి. తెరుచుకుంది. లోపల ఒకే ఒక్క ఫొటో. టెంటు కింద కూర్చున్న లాల్యా, సూటిగా చూస్తున్నాడు.

అవ్వ తెర మీద చెయ్యి పెట్టింది. "గిదే. గిట్లనే కూసునేటోడు" అంది.

పక్కనే ప్రింటర్ ఉంది, ఆన్‌లోనే ఉంది. నేను మాత్రం లేచి వెనక గదికి పోయాను.

గొళ్లెం వేసినట్టే ఉంది. తీసి చూస్తే వైరు నేల మీద, డిస్కు బల్ల మీద ఉన్నాయి. తిరిగొచ్చేసరికి తెర మీద షేర్ దొరకలేదన్న మాట తప్ప ఏమీ లేదు.

"ఏడికి వోయిండు బిడ్డా?" అని అడిగింది అవ్వ. సాయంత్రం దాకా వెతికాను. ఆమె ఒక్క మాట కూడా తిట్టకుండా లేచి బండెక్కింది.

ఆ డిస్కును జనగామలో రిపేరు చేసే ఆయనకు చూపించాను. బొగ్గయింది, పారెయ్యమన్నాడు. దినాలనాడు పటం ఉండాల్సిన చోట లాల్యా గొంగడి మడిచిపెట్టారని తండావాళ్లు చెప్పారు.

ఆ ఫొటో ఎట్లా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. అవ్వ అడిగింది అది కాదు కూడా. ఆమెకు కావాల్సింది ఒక్క కాగితం. నేను వైరు చూడటానికి పోయాను.