ఆ చవితి నాడు మా ఇంటి మీద పొగ

పండుగ నిన్ననా, ఇవాళా అన్న తగవు ప్రతి ఏడూ ఫోన్లలో మొదలవుతోంది. "మన పెద్దవాళ్ల కాలంలో ఈ గందరగోళం లేదు" అని చాలామంది రాస్తున్నారు. ఉండేది... నేను చూశాను. అది మా ఇంట్లో ఎలా తీరిందో చెప్పడం ఇప్పుడు అవసరమనిపించి రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... అంటే అరవైల మొదట్లో, చిల్లకూరుకు తూర్పున సముద్రపు గాలి తగిలే మా పల్లెలో నెలంతా తిథుల మీదే నడిచేది. అమావాస్య నాడు ఎద్దుల మెడ మీద కాడి పడేది కాదు. ఏకాదశి నాడు అవ్వ అన్నం ముట్టేది కాదు. సంకటహర చవితికి చంద్రుడు కనిపించేదాకా అమ్మ పస్తుండేది... పిల్లలం గడ్డివామి ఎక్కి "వచ్చినాడు, వచ్చినాడు" అని అరిచేవాళ్లం.

తిథి సూర్యోదయంతో మొదలై సూర్యోదయంతో ముగియదు. మధ్యాహ్నం మొదలై మర్నాటి మధ్యాహ్నం దాకా సాగవచ్చు. అందుకే ఏకాదశికి సూర్యోదయం చూస్తారు, సంకటహర చవితికి చంద్రోదయం, నాగుల చవితికి మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నమే రెండు రోజుల నడుమ చీలితే... ఒక పంచాంగం ఒక రోజు చెబుతుంది, మరొకటి మర్నాడు చెబుతుంది.

ఒక కార్తీకంలో సరిగ్గా అదే జరిగింది.

మా చిన్నాయన భార్యను చిన్నమ్మ అనేవాళ్లం. పెన్నకు అవతల, కొడవలూరు నుంచి వచ్చిన కోడలు. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. ఆ ఏడు నాగుల చవితికి ఉపవాసముండి పుట్టలో పాలు పోస్తానని మొక్కుకుంది. అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. అవ్వ సూళ్లూరుపేటలో మా మేనత్త ఇంట్లో ఉంది. చవితి బుధవారమని చిన్నమ్మ తండ్రి కబురు పంపాడు. ఆ మాట మీదే ఆమె తలస్నానం చేసి, తడిబట్టలతో పొలం గట్టు మీది పుట్టకు పోయి పాలు పోసింది... చిమ్మిలి, చలిమిడి పెట్టింది. చలిమిడి గిన్నె పట్టుకుని వెంట నడిచింది నేనే.

తిరిగి వస్తుంటే బావి దగ్గర ఎదురింటి సుబ్బమ్మత్త చూసింది. మా వీధి వీధంతా, ఊళ్లో పంచాంగం చూసే అయ్యవారు చెప్పిన ప్రకారం గురువారం చేసుకోబోతోందని అప్పుడే తెలిసింది.

"ఏం మే, ఈ రోజే పోసేసినావా? నాగేంద్రుడు ఇంకా నిద్ర లేచినాడో లేదో... పుట్ట తట్టి చూడకపోయినావా!"

"పెన్న అవతల నించి వచ్చిన మొక్కు గదా అక్కా, ఒకరోజు ముందే బయల్దేరినట్టుంది!" అని ఇంకొకామె అందుకుంది.

చిన్నమ్మ నవ్వబోయింది... నవ్వు రాలేదు. రోజు తప్పితే మొక్కు దక్కదని, మళ్లీ ఏడాది ఆగాలని ఆమె భయం. ఇంటికొచ్చి, వెలిగించని పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చింది.

సాయంత్రం అవ్వ గూడూరులో రైలు దిగి బండిలో ఇంటికి చేరింది. జరిగినదంతా విన్నది.

"రేపు గూడా ఉపాసం ఉంటానత్తా. మళ్లా పోయి పోసొస్తా" అంది చిన్నమ్మ.

"నిలబడే సత్తువ లేదు, మళ్లా ఉపాసమా? రేపు నువ్వు అన్నం తినాల. ముందు మొహం కడుక్కో, పో."

మా వీధిలో నాగుల చవితి నాడు ఎవరూ పొయ్యి రాజేయరు, కత్తిపీట ముట్టరు. కాపురానికి వచ్చిన నాటి నుంచి అవ్వ ఆ నియమం ఒక్క ఏడు కూడా తప్పలేదు.

గురువారం తెల్లవారింది. అవ్వ లేచి, వానకు నెమ్మెక్కిన సరుగుడు పుల్లలతో పొయ్యి రాజేసింది. పెంకుల సందుల్లోంచి దట్టంగా పొగ లేచింది... వీధి మొత్తంలో మా ఒక్క ఇంటి మీదే. అంతటితో ఆగలేదు. కత్తిపీట తెచ్చి వీధి తిన్నె మీద వేసుకుని, అందరికీ కనిపించేలా వంకాయలు తరగసాగింది.

పాల చెంబులతో ఆడవాళ్లు పుట్టకు బయల్దేరారు. సుబ్బమ్మత్త మా ఇంటి ముందు ఆగిపోయింది.

"ఇదేంది పిన్నమ్మా, చవితి పూట కత్తిపీట ముందేసుకోని కూసున్నావే!"

"చవితి నిన్ననే అయిపాయె గదా. మా కోడలు చేసింది. ఈ రోజు మా ఇంట్లో పంచమి."

"మరి నిన్న నువ్వు నీ కూతురింట్లో అన్నం తినే ఉంటావు!"

"తిన్నా. ఈ ఏడు నాది తప్పిపోయింది, ఏం చేస్తాం. వచ్చే ఏడు మా కోడల్ని అడిగి చేసుకుంటాలే. నువ్వు పో, పాలు విరిగిపోతాయి."

"అత్తాకోడళ్లు ఒకటైతే మేమేం చెప్పేది లే" అని నవ్వి, సుబ్బమ్మత్త చెంబు సర్దుకుని కదిలింది. ఆ తరువాత చిన్నమ్మ మొక్కు గురించి ఆ వీధిలో ఎవరూ మాట జారలేదు.

తలుపు వెనక నిలబడి చిన్నమ్మ అంతా విన్నది. అవ్వ లోపలికి వచ్చి మొదటి విస్తరి ఆమెకే వేసింది. పక్కన కూర్చుని తానూ తిన్నది. తన చవితిని వదులుకుని కోడలి చవితిని నిలబెట్టిన మనిషి మా అవ్వ అని ఈ రోజుకీ గర్వంగా చెప్పుకుంటాను.

చిన్నమ్మకు పిల్లలు పుట్టారా అని అడుగుతారేమో... పుట్టారు, చాలా ఏళ్లకు. దాన్ని ఆ మొక్కుతో ముడిపెట్టి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు తిథి ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో నిమిషాలతో సహా చేతిలో కనిపిస్తోంది... తగవు మాత్రం పెరిగింది, పక్కన కూర్చుని తినేవాళ్లు తగ్గారు. మీ ఇళ్లలో పండుగ రెండు రోజులకు పడినప్పుడు ఎవరి మాట నిలిచేదో రాయండి, చదవాలని ఉంది.

ఒక్కటి మాత్రం నేను తేల్చలేకపోయాను. చవితి బుధవారమేనని అవ్వ నిజంగా నమ్మిందా... కోడలి కోసమే అలా అన్నదా? నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు తెలియదు.