మూడు ఫిల్టర్లు, ఒక జాలి

ఈ సంగతి రాతలో పెట్టవలసిన అవసరం మా మేనల్లుళ్ల వల్ల కలిగింది. మోటారుసైకిలుకు ఏ కంపెనీ ఆయిల్ ఫిల్టర్ మేలో తేలక, మొన్న వారిద్దరూ కంచాల్లో చేతులు ఎండిపోయేదాకా వాదించుకొని, చివరకు నన్ను తీర్పు అడిగారు. ఆ విషయంలో నాకున్న అర్హత ఎలాంటిదో వారికి తెలియదు. దాచిపెట్టడం నిజాయితీ అనిపించుకోదు.

ఆ రోజుల్లో, ఏ ప్రశ్నకైనా గీతలు గీసిన పట్టికలో సమాధానం దొరుకుతుందని నా గట్టి నమ్మకం. ఎర్రమంజిల్‌లో ఒక కార్యాలయంలో కొత్తగా చేరి, ఎస్.ఆర్. నగర్‌లో గది తీసుకున్నాను. రాజమండ్రిలోని మా మామయ్య తాను పదేళ్లు నడిపిన నూరు సీసీ బండిని రైల్లో పంపుతూ ఒక నిబంధన పెట్టారు. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం స్వయంగా వచ్చి ఇంజను చప్పుడు వింటారు. తేడాగా ఉంటే బండి వారి వెంట వెనక్కి వెళ్తుంది. ఆయిలూ ఫిల్టరూ మార్పించి ఉంచమని ఉత్తరం కూడా రాశారు. (ఆ బండి మీద అమీర్‌పేట కూడలి దాటేటప్పుడు కలిగిన ఆనందం నాకు ఉద్యోగ నియామక పత్రం కూడా ఇవ్వలేదు.)

పంజాగుట్టలో తెలిసిన మెకానిక్ ఒకడుండేవాడు. చేతిలో పానా లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కనుక అందరికీ పానన్న. ఏ కంపెనీ ఫిల్టర్ మంచిదని అడిగితే తల ఎత్తకుండానే అన్నాడు: “నీ బండికి జాలే అన్నా. జాలి మంచిగుంటే చాలు, ఫికర్ చెయ్యకు.”

గోదావరి ఒడ్డున వ్యాకరణం చదువుకున్న నాకు జాలి అంటే దయ. ఇంత సంస్కారవంతుడైన మెకానిక్ ఉంటాడా అని కళ్లు చెమర్చాయి. ఆ రోజు నుంచి బండి మీద జాలి చూపడం మొదలుపెట్టాను. నా సొంత తువ్వాలుతో ట్యాంకు తుడిచాను. గుంతలో పడినప్పుడల్లా మెల్లగా క్షమాపణ చెప్పాను. ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో దాన్ని నీడలో నిలిపి నేను ఆఫీసుకు నడిచి వెళ్లాను.

అయినా శాస్త్రాన్ని వదల్లేదు. అమీర్‌పేటలో మూడు కంపెనీల ఫిల్టర్లు తెచ్చి (ఏ బండికని దుకాణదారు అడిగితే, పరిశీలనకు అని చెప్పాను), రంపం బ్లేడుతో కోసి, లోపలి కాగితం మడతలు లెక్కపెట్టాను. మొదటిదానికి నలభై రెండు, రెండోదానికి యాభై ఒకటి. మూడోదానికి రెండుసార్లు లెక్కపెడితే రెండు సంఖ్యలు వచ్చాయి కనుక సగటు తీశాను. వాడిన ఆయిల్ పోసి, ఏది ఎంత మడ్డి ఆపిందో ఎర్రసిరాతో పట్టికలో నమోదు చేశాను. గదిలోని మిత్రుడు తన కాఫీ గ్లాసుల కోసం వెతికి, అవి ఏ పనిలో ఉన్నాయో గ్రహించి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రకం గెలిచింది.

మామయ్య వస్తానన్న ఆదివారం ఉదయం, గెలిచిన రకంలో కొత్త ఫిల్టరూ నా పట్టికా పట్టుకొని పానన్న ముందు నిలబడ్డాను. అతను ఫిల్టరునూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఇది ఏడ పెడ్తవన్నా? గీ బండికి ఫిల్టరే లేదు. చెప్పిన గద, జాలి ఒక్కటే.”

ఇంజను పక్క మూత విప్పి, ఆయిల్ వడగట్టే చిన్న జల్లెడ ముక్క లాంటిది బయటికి లాగి చూపించాడు. జాలి అంటే అదన్నమాట. దాన్ని కడిగి, మూత బిగించి, కొత్త ఆయిల్ పోశాడో లేదో, నేరుగా అక్కడికే రమ్మని చెప్పి ఉంచిన మామయ్య ఆటో దిగారు. ఫిల్టరును వీపు వెనక్కి దాచాను.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోగా ఆయన నా పట్టిక అందుకొని, కళ్లజోడు సవరించుకొని, మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివారు. ముఖం వికసించింది.

“శభాష్‌రా. నేనూ అంతే. పదేళ్లూ ఏడాదికోసారి దగ్గరుండి ఫిల్టర్ మార్పించాను. ఒక్క ఏడు తప్పితే ఒట్టు.”

పానన్న చేతిలో పానా ఆగింది. నేను ప్రాణాలన్నీ కళ్లలో పెట్టుకొని అతని వైపు చూశాను. ఒక్క క్షణం ఆలోచించి, ఎంతో గంభీరంగా అన్నాడు: “గందుకే సార్, ఇంజన్ సుత కొత్తదాని లెక్కనే ఉన్నది.”

బండి స్టార్ట్ చేశాడు. మామయ్య కళ్లు మూసుకొని విన్నారు. “విన్నావా? మూడో రకం పడగానే చప్పుడు ఎంత మెత్తబడిందో. బండి నీ దగ్గరే ఉండనీ.”

ఆయన ఆటో మలుపు తిరిగేదాకా ఆగి, పానన్నా నేనూ నవ్విన నవ్వుకు పక్కనున్న చాయ్ దుకాణంలో కూర్చున్నవాళ్లు లేచి వచ్చారు.

మూడింటిలో ఏది మేలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పట్టిక గీసిన యువకుడికి ఉన్నంత నిశ్చయం నాకిప్పుడు ఏ విషయంలోనూ లేదు. తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. యంత్రజ్ఞానంలో గానీ భాషలో గానీ నేను చేసిన తప్పులను పాఠకులు సరిదిద్దగలరు. మామయ్యవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచమని నా ప్రార్థన.