గండిపేటకు మోసుకెళ్ళిన పెరుగన్నం

మొన్న ఆదివారం పిల్లలతో గండిపేట చెరువుకు వెళ్ళాను. ఏం వండి తీసుకెళదామని ముందురోజే అడిగితే, మీరు శ్రమపడకండి అత్తయ్యా, ఫోనులో చెబితే అక్కడికే తెచ్చిస్తారని కోడలు నా మోకాళ్ళ మీద జాలితోనే అంది. తెచ్చిన పెరుగన్నంలో ఉప్పు ఎక్కువైంది. ఆ పిల్ల ఫోనులోనే ఫిర్యాదు పెట్టింది, నిమిషంలో క్షమాపణ కూడా వచ్చేసింది. అందరూ తిని లేచారు కానీ, నాకు మాత్రం అదే గట్టున ఎన్నో ఏళ్ళ కిందట తిన్న మరో పెరుగన్నం గుర్తొచ్చింది.

నేను చిక్కడపల్లి ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వేసవి అది. పక్కనున్న అశోక్ నగర్‌లో అప్పటికి ఇన్ని హాస్టళ్ళు లేవు, అరటాకుల కోసం పొద్దున్నే నారాయణగూడ మార్కెట్టు దాకా తీరిగ్గా నడిచి వెళ్ళేవాళ్ళం. ప్రయాణపు వంటకు మా అత్తగారి చట్టాలు వేరు. కొబ్బరి, ఉల్లిపాయ తగలకూడదు, ఎండకు పాడవుతాయి. పూరీపిండి పాలతోనే తడపాలి, పులిహోర పూర్తిగా చల్లారాకే డబ్బాకెక్కాలి. ఇక పెరుగన్నమంటారా, దాన్ని పెరుగుతో కలపనే కూడదు. మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి మూత పెడితే, దారిలోనే తోడుకుని, భోజనాల వేళకు పులుపెక్కకుండా కమ్మగా ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ వదలని ఆ పనిని ఆవిడ ఆ వేసవిలో నాకు అప్పగించారు.

గండిపేట ప్రయాణం నాటి పొద్దున, అన్నంలో పోసిన పాలు మరీ వేడిగా ఉన్నాయని, కాస్త ఆగి తోడు వేద్దామని పూరీల వైపు తిరిగాను. ఇంతలో బస్సు వేళైందని మామగారు తొందరపెట్టారు. పెరుగు గిన్నె వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. ఆ సంగతి నాకు మెహదీపట్నం దాటాక గుర్తొచ్చింది. పైగా నా పక్కన కూర్చున్నది మామగారి అక్కగారు. నాకు వంట రాదని పెళ్ళినాటి నుంచీ చుట్టాలందరికీ చెప్పుకొస్తున్న మనిషి. ఆ మాటకు నేనే సాక్ష్యం కట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

చెరువు గట్టున పూరీలూ పులిహోరా తినడం అయ్యాక అత్తగారు పెరుగన్నం మూత తీసి గరిటె ముంచారు. పాలు కారాయి. నా వైపు ఒక్కసారి చూసి, గరిటె పక్కన పెట్టారు.

"తోడు వెయ్యడం నేనే మర్చిపోయాను వదినా. మతిమరుపు వచ్చేస్తోంది నాకు."

మామగారి అక్కగారికి ఇంక పట్టపగ్గాల్లేవు. వయసు మీద పడ్డాక ఇలాంటి పనులు కోడలికి వదిలెయ్యాలని సాయంత్రం దాకా హితబోధ చేశారు. మాతో వచ్చిన మా ఇంటి ఓనరమ్మ, తరతరాలుగా ఈ ఊరి మనిషి, తన మజ్జిగ కూజా ముందుకు జరిపి, "గింత దానికి పరేషాన్ ఎందుకక్కా, మా తాన సల్ల ఉంది, జర కలుపుకుంటే అయితది" అన్నారు. అలాగే కలుపుకుని అందరూ తిన్నారు.

ఇంటికి రాగానే క్షమించమని అడగబోతే అత్తగారు వినిపించుకోలేదు. రేపటికి పాలు తోడు పెట్టమని గిన్నె నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చాను. వంటకు అంత పేరున్న మనిషి, ఆ తర్వాత ఏ పెళ్ళిలో వదినగారు ఆ మతిమరుపు కథ ఎత్తినా నవ్వి ఊరుకునేవారు. అసలు సంగతి చెబుతానంటే చివరిదాకా నన్ను నోరెత్తనివ్వలేదు.

ఇప్పుడు నేనూ అత్తగారినే. పిల్లలు తెలివైనవాళ్ళు, కష్టపడకుండా తింటున్నారు, అది తప్పనను. కానీ నా కోడలు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి మర్చిపోకపోతుందా, మర్చిపోయింది నేనేనని నలుగురిలో అనకపోతానా అని ఇన్నేళ్ళుగా కాచుకుని ఉన్నాను. ఆ పిల్ల నాకా అవకాశమే ఇవ్వడం లేదు.