ఒకే తక్కెడలో మూడుసార్లు

అమెరికాలో ఐసెలిన్ ఊళ్ళోని తెలుగు పెద్దవాళ్ళు భీమశంకరాన్ని మందుల మాస్టారు అనేవారు. ఆయన ఎన్నడూ పాఠం చెప్పినవాడు కాదు. హైదరాబాదులో పదిహేనేళ్ళు, న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్ళు మాత్రల కంపెనీల ల్యాబుల్లో పనిచేశాడు. ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని మాత్రలు తీసి, పొడి చేసి, కరిగించి, మందు ఉండాల్సినంత ఉందో లేదో తేల్చడం ఆయన పని. ఏ నమూనానైనా మూడుసార్లు పరీక్షించనిదే సంతకం పెట్టేవాడు కాదు.

రిటైరయ్యాక ఆ అలవాటు ఇంకో పనికి పనికొచ్చింది. మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్న పెద్దవాళ్ళు మందుల ఖర్చు భరించే ప్లాను ఏటా మార్చుకోవచ్చు. దానికి అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు ఏడు దాకా గడువు. ఒక్కో కంపెనీది ఒక్కో ధర, ఒక్కో మందుల జాబితా. మన మందుల పేర్లు ఎక్కిస్తే ఏ ప్లానులో ఎంత పడుతుందో పక్కపక్కన చూపే వెబ్‌సైటు ఉంటుంది. ఆ ఏడెనిమిది వారాలూ శనివారం శనివారం భీమశంకరం లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాడు. పెద్దవాళ్ళు జిప్‌లాక్ కవర్లలో మందు డబ్బాలు పట్టుకుని వచ్చేవారు. ఒక్క డాలరు పుచ్చుకునేవాడు కాదు.

అందరికంటే ముందు వచ్చేది కనకదుర్గ. ఓక్ ట్రీ రోడ్డులో ఒక మిఠాయి కొట్టు వంటింట్లో పన్నెండేళ్ళు కాజాలు, బూందీ చేసి మానేసిన మనిషి. గుండె లయ తప్పుతుంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర పొద్దున, ఒకటి సాయంత్రం తప్పకుండా వేసుకోవాలి. వస్తూ వస్తూ ఫ్లాస్కులో కాఫీ తెచ్చేది. మిఠాయి కొట్టు చెయ్యి కాబట్టి పంచదార ధారాళంగా పడేది. భీమశంకరానికి షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. ఆ మాట ఎలా చెప్తాడు? చివరి గుక్క దాకా తాగి, ఆ పూట అన్నం తగ్గించుకునేవాడు.

పోయిన నవంబరులో ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ నవ్వింది.

"అన్నయ్యగారూ, మా అల్లుడు ఫణి నన్ను ఆటపట్టిస్తున్నాడండీ. అత్తయ్యా, ఆన్‌లైన్‌లో టూ మినిట్స్‌లో నేను చేసేస్తాగా, ఆయన దగ్గర లైన్‌లో నిలబడటం ఎందుకూ అంటాడు."

"చేయించుకోకపోయావా మరి?"

"రెండు నిమిషాల్లో అయ్యేదాన్ని వంటంటారా ఎవరైనా? మీరు మూడుసార్లు చూస్తారని చెప్పా. నోరు మూశాడు."

భీమశంకరం ఆ రోజూ మూడుసార్లే చూశాడు. ఆమె పాత ప్లాను కొత్త ఏడాది నుంచి బాగా పెరుగుతోంది. ఇంకో కంపెనీ ప్లానులో గుండె మాత్ర నెలకు నలభై రెండు డాలర్లని తెర మీద కనిపించింది. పక్కన కవరవుతుందని పచ్చటి టిక్కు. పేజీ మూసి, మళ్ళీ తెరిచి, డబ్బా మీది పేరు అక్షరం అక్షరం కొట్టాడు. అదే ధర. మూడోసారీ అదే. రెండు ప్రింట్లు తీసి, మూల తేదీ వేసి, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

మార్చి రెండోవారంలో కనకదుర్గ కూతురు రష్మి ఫోన్ చేసింది. "అంకుల్, అమ్మకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట రావట్లేదు."

మర్నాడు ఆస్పత్రి కారిడార్‌లో రష్మి పది నెలల దియను భుజాన వేసుకుని నిలబడి ఉంది. పాప ఆమె మెడలోని పూసల్ని నోట్లో పెట్టుకుంటుంటే, లాగేస్తూ, మాట్లాడుతూ, మళ్ళీ లాగేస్తోంది. బ్యాగులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చింది. పసుపు డబ్బా కింద, దేవుడి అరలో దొరికిందట.

అది జనవరిలో ప్లాను కంపెనీ రాసింది. ఈ మందు మా జాబితాలో లేదు, తాత్కాలికంగా ఒక నెలకు మాత్రం ఇస్తున్నాం, తర్వాత మీ డాక్టరుతో మాట్లాడండి అని దాని సారాంశం. ఫిబ్రవరిలో మందుల షాపు కౌంటరు దగ్గర అయిదు వందల డెబ్బై డాలర్లు అడిగారు. కనకదుర్గ డబ్బా తీసుకోకుండా తిరిగొచ్చింది. మిగిలిన మాత్రల్లో పొద్దుటిది మానేసి సాయంత్రానిది వేసుకుంది. తర్వాత రోజు విడిచి రోజు.

"మీ అమ్మ నాకెందుకు చెప్పలేదమ్మా? ఒక్క ఫోన్!" అన్నాడు భీమశంకరం.

"నాకూ చెప్పలేదు అంకుల్. చెప్తే ఫణికి తెలుస్తుంది కదా. ఫణి ఏదో ఒకటి అంటాడు. ఫ్రీగా అంత కష్టపడిన మనిషికి మాట వస్తుందని..." రష్మి ఆగింది. "ఫార్మసీ అమ్మాయి మాత్రం చెప్పింది. అమ్మ కౌంటర్ దగ్గర రెండుసార్లు, మా బ్రదర్ చెక్ చేశారు, చెక్ చేశారు అందట."

భీమశంకరం ఇంటికి వచ్చి వెబ్‌సైటు తెరిచాడు. ఇప్పుడు అదే ప్లాను, అదే మాత్ర ఎదురుగా కవరు కాదని ఉంది. నవంబరు ప్రింటు పక్కన పెట్టి చూశాడు. కంపెనీకి ఫోన్ చేస్తే నలభై నిమిషాల తర్వాత ఒకావిడ మర్యాదగా చెప్పింది: అప్పట్లో వెబ్‌సైటుకు పంపిన జాబితాలో పొరపాటు దొర్లింది, తర్వాత సరిదిద్దాం. డాక్టరు ఒక ఫారం పంపి ఉంటే మినహాయింపు దొరికేదేమో అని కూడా అంది.

ముప్ఫై మూడేళ్ళు ల్యాబులో బతికినవాడికి తప్పెక్కడో తెలియడానికి ఎంతసేపు కావాలి! అక్కడ ప్రతి పొద్దున్నా నమూనా ముట్టుకునే ముందు తక్కెడనే పరీక్షించేవారు, బరువు తెలిసిన రాయి వేసి. ఇక్కడ ఒకే తక్కెడలో మూడుసార్లు తూచి, మూడుసార్లూ ఒకటే వచ్చిందని సంబరపడ్డాడు. నవంబరులో కంపెనీకి ఈ నలభై నిమిషాల ఫోనే చేయలేదు. ఆ వారమంతా తను ప్లాను చూసిపెట్టిన మిగతా ఇరవై ముగ్గురికీ ఫోన్లు చేసి, ఒక్కొక్కరి చేత డబ్బాల మీది పేర్లు చదివించుకుని, కంపెనీలతో సరిచూశాడు.

మూడు వారాల తర్వాత కనకదుర్గను చూడటానికి మాటా నడకా మళ్ళీ నేర్పే రిహాబ్ సెంటర్‌కు వెళ్ళాడు. ఆమె కుర్చీలో ఉంది, పక్కన రష్మి, పాప ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్ళో దిండు మీద, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. ఆయన్ని చూడగానే ముఖం ఒక పక్కే నవ్వింది. ఎడమ చేత్తో రష్మికి సైగ చేసి, పెదవులు కూడదీసుకుంది.

"కా... ఫీ."

"ఎవరొచ్చినా ఇదే అంకుల్. ఈ మాట ఒక్కటే క్లియర్‌గా వస్తోంది," అంది రష్మి, ఫ్లాస్కులోంచి కప్పులోకి వంచుతూ. "అమ్మ ఇదివరకు చెప్పినట్టే కలిపా. మీకు మూడు చెంచాలట కదా."

భీమశంకరం కప్పు నోటిదాకా తెచ్చాడు. ఎప్పటిలాగే తాగేసేవాడే. ఎదురుగా దిండు మీద ఆ చెయ్యి కనిపించింది. కప్పు కిందపెట్టాడు.

"అమ్మా కనకదుర్గా, నాకు షుగరు ఉంది. పదకొండేళ్ళయింది. పంచదార పడకూడదు."

 ఆమెకు అర్థమైందో లేదో తెలియలేదు. తర్వాత గొంతు పెగిలింది, ఒక్కో ముక్కా ఎక్కడినుంచో ఈడ్చుకొస్తున్నట్టు.

"ముం... దే... చె... ప్పొ... చ్చుగా."

రష్మి పాపను ఎత్తుకుని కిటికీ వైపు తిరిగింది. ఆమెను అడగాలని మూడు వారాలుగా అదే ప్రశ్నను మోసుకుని తిరుగుతున్న భీమశంకరం ఫ్లాస్కు మూత తిప్పి బిగించాడు.