పన్నాకు తక్కువైన టీవీ

ఆ రోజుల్లో నాకు రెండే విద్యలు వచ్చు: బేరమాడటం, కోపం తెచ్చుకోవటం. మొదటిది పొట్టకోసం నేర్చుకున్నాను, రెండోది ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఎరువుల కంపెనీ సంచి భుజాన వేసుకుని సిద్దిపేట నుంచి హుస్నాబాద్ దాకా దుకాణం దుకాణం తిరిగి, వద్దన్నవాడి చేత కొనిపించే ఉద్యోగం నాది. అందుకని అమ్మేవాడు చెప్పే ఏ మాటా నమ్మకూడదని నాకు గట్టి అభిప్రాయం ఉండేది. (నేను అమ్మేటప్పుడు చెప్పేవి మాత్రం నిజాలే అనుకునేవాణ్ణి.) ఇప్పుడు మోకాళ్లు నొప్పులు, జుట్టు సగం పోయింది, బేరాల మీద ఆశ చచ్చింది. కోపం ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. ఇది రాస్తున్నది కూడా ఆ కోపంతోనే.

పోయిన నెల మా మేనకోడలి పెండ్లిలో భోజనాల దగ్గర మా బామ్మర్ది మా బాపు గురించిన పాత కథ మళ్లీ ఎత్తుకున్నాడు. "మా మామ టీవీ కొనబోయి ఏం జేసిండో ఎరికేనా? జేబుల నుంచి టేపు దీసి, చీరను కొల్చినట్టు టీవీని కొల్చిండు! తక్కువున్నదని దుకాణమంత లొల్లి లొల్లి జేసిండు. పాపం మా బావనే బతిమాలి బయటికి తీస్కొచ్చిండు." పిల్లలు మంచినీళ్ల సీసాలను జానలతో కొలుస్తూ "తక్కువున్నది, తక్కువున్నది" అని కేకలు. అందరితో పాటు బాపు కూడా నవ్వాడు. ఆయన నవ్వటంతోనే నాకు మండిపోయింది. తింటున్నవాణ్ణి తింటున్నట్టే లేచి, "గట్ల గాదు, అంత అబద్ధం!" అని అరిచాను. "సూడున్రి, బావకు ఇంకా కోపం పోలె" అంటూ అంతా మరింత నవ్వారు. ఎప్పుడూ అరిచేవాడికి ఇదొక శిక్ష. వాడు నిజం అరిచినా ఎవరూ వినరు. అందుకే రాస్తున్నాను. ఆ కథ కట్టింది మా బామ్మర్ది కాదు, నేను. అందులో ఉన్న లొల్లి మా బాపుది కాదు.

మా బాపు చీరలు నేసేవాడు. మా ముందు గదిలో సగం మగ్గానిది, మిగతా సగం మా అందరిదీ. నడుము పట్టేసి, ఇక మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవద్దని దవాఖానలో చెప్పాక, అది తీసేద్దామని నేనూ అవ్వా (మా అమ్మను అలాగే పిలుస్తాను) చాలా రోజులు ఆయన వెంటపడ్డాం. ఆయన వినలేదు. చివరికి నేను పెద్ద టీవీ ఆశ చూపించాను. బాపు ఆ ఖాళీ మగ్గం వైపు కాసేపు చూసి, "సరే, తీసెయ్యున్రి. గని ఆ జాగల వచ్చేది నా పన్నాకు తక్కువ ఉండొద్దు" అన్నాడు. పన్నా అంటే బట్ట వెడల్పు. ఆయన జీవితమంతా నేసిన చీర పన్నా నలభై ఎనిమిది ఇంచులు. "యాభై ఇంచులది తెస్త బాపూ, నీ పన్నా మీద రెండించులు ఎక్కువనే" అని మాట ఇచ్చాను. ఆ మాట మీదే మగ్గం విప్పనిచ్చాడు. గుంత పూడ్చి బండలు వేయించాం. గోడకు సున్నం వేసిన మర్నాడు ఆయనే టేపు పెట్టి, నలభై ఎనిమిది ఇంచుల ఎడంలో పెన్సిలుతో రెండు గీతలు గీశాడు.

ఇక నా బేరం సంగతి. దసరా ముందు ఊళ్లో నేను ఎక్కని టీవీ దుకాణం లేదు. ఒకచోట చెప్పిన రేటును తగ్గించి ఇంకోచోట చెప్పటం, "గంతకే ఇస్తమని ఆడ అన్నరు" అని ఒట్టు పెట్టటం (ఎవరూ అనలేదు), మెట్లు దిగుతూ వెనక్కి పిలుస్తారేమోనని నెమ్మదిగా నడవటం. పాత బస్టాండ్ దగ్గర ఒక షోరూంలో సేల్స్ అతను నన్ను చూడగానే చాయ్ చెప్పేవాడు. "అన్నా, నువ్వు టీవీకి వస్తున్నవా, నౌకరికి వస్తున్నవా?" అని కూడా అడిగాడు ఒకరోజు. నేను తొణకలేదు. చివరికి పండుగ తగ్గింపు, దాని మీద మా పాత డబ్బా టీవీకి మార్పిడి, ఆ పైన అవ్వకు ఒక మిక్సీ ఉచితం, ఇన్ని ఒప్పించాను. ఎరువుల కంపెనీలో ఎన్నడూ అంత గెలుపు చూడలేదు. ఆ గెలుపు చూపించటానికే బాపును వెంట తీసుకుపోయాను.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. టీవీలో రంగురంగుల చేపలు ఈదుతుంటే అందరూ చేపలను చూస్తున్నారు, బాపు అంచులు చూస్తున్నాడు. జేబులోంచి టేపు తీసి ఈ అంచు నుంచి ఆ అంచుకు పెట్టాడు. నా దగ్గరికి వచ్చి, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా, "నలభై నాలుగే ఉన్నది బిడ్డా. ఇంకో పెద్దది ఉన్నదేమో అడుగుదాం తియ్" అన్నాడు. మా బాపు చేసిన లొల్లి మొత్తం ఇంతే.

మిగిలిందంతా నాది. "ఏం రా, యాభై అని చెప్పి నలభై నాలుగు అంటగడుతవా? ఆరించులు ఎటువాయె, మింగినవా?" అని సేల్స్ అతని మీదికి పోయాను. "అన్నా, గట్ల కొలువద్దు, మూల నుంచి మూలకు కొలవాలె" అన్నాడతను. "నాకే చెప్తవా? నేను గూడ సేల్స్ మనిషినే, గిసొంటి మాటలు ఎన్ని చెప్పిన నేను!" అన్నాను. (కోపంలో మనిషి ఏమేం ఒప్పుకుంటాడో చూడండి.) షోరూం మొత్తం మా చుట్టూ చేరింది. నేను వాళ్ల వైపు తిరిగి, "చూడున్రి, పండుగ పూట ఎట్ల ముంచుతుండ్రో, మీరు గూడ కొల్చుకోన్రి" అని ఉపన్యాసం మొదలుపెట్టాను. వాషింగ్ మిషన్ చూస్తున్న ఒకామె నా ఉపన్యాసం ఆపింది. "ఓ అన్నా, గా డబ్బ మీద బొమ్మ సూడు ముందుగాల" అంది. చూశాను. డబ్బా మీద టీవీ బొమ్మ. కింది మూల నుంచి పై మూలకు వాలుగా ఒక బాణం గుర్తు. దాని పక్కన యాభై.

అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. సరిగ్గా అప్పుడు బాపు పైకి, అందరికీ వినపడేలా అన్నాడు: "మూలకు కొలుస్తరా! గీ సంగతి మాకు తెల్వకపాయె. చీరలు గూడ మూలకు కొల్చి అమ్ముకుంటే ఎప్పుడో సేట్లమైతుంటిమి గద!" షోరూం ఘొల్లుమంది. సేల్స్ అతను కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. నా మీది చూపులన్నీ ఆయన మీదికి పోయాయి. నేను ఊపిరి పీల్చుకుని ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "నువ్వు నోర్మూస్కో బాపూ! ఇది మగ్గం గాదు. తెల్వనిదాంట్ల ఏలు వెట్టి ఉన్న ఇజ్జత్ తీసినవ్" అన్నాను. నవ్వు ఆగిపోయింది. బాపు టేపును వేలికి చుట్టుకుంటూ, "తీస్కో బిడ్డా, మంచిగనే ఉన్నది" అని బయటికి నడిచాడు.

నేను తల ఎత్తకుండా డబ్బు కట్టేశాను. పాత టీవీ మార్పిడి అడగటం మరిచాను, మిక్సీ అడగటం మరిచాను. ఇంటికి రాగానే అవ్వ "నా మిక్సీ ఏదిరా?" అంది. అప్పుడు పుట్టింది ఆ కథ. "బాపు టేపు పెట్టి దుకాణమంత లొల్లి జేసిండు, గా లొల్లిల మిక్సీ యాదికి లేదు" అన్నాను. అవ్వ నవ్వింది. వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న బాపు విన్నాడు, ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి ప్రతి పండక్కీ చెప్పాను, చెప్పిన ప్రతిసారీ కొంచెం పెంచాను. గోడ మీద మాత్రం ఆ టీవీకి రెండు పక్కలా పెన్సిలు గీతలు కనబడుతూనే ఉండేవి. చెరపటానికి తడిగుడ్డ చాలు. బాపు చెరపలేదు, నేనూ చెరపలేదు.

పెండ్లి నుంచి ఆటోలో వస్తూ, "నిజం చెప్పుదమంటే ఒక్కడన్న వినలె బాపూ" అని పళ్లు కొరుక్కున్నాను. "ఎందుకురా చెడగొడ్తవ్" అన్నాడు. "నేనన్న మాటకు నవ్వుతుండ్రు. నువ్వన్న మాట చెప్తే ఎవ్వరు నవ్వరు." ఇన్నేళ్లూ ఆయన మరిచిపోయాడనే ధైర్యంతో బతికాను నేను.

పోయిన వారం ఆ టీవీ తెర మీద నిలువు గీత పడి ఆరిపోయింది. బాపు టేపు జేబులో పెట్టుకుని షోరూంకు వెళ్లాను. నేను కొలుస్తుంటే ఒక సేల్స్ పిల్లాడు పరుగెత్తుకొచ్చాడు. "అంకుల్, మూలకు కొలవాలె." నాకు మళ్లీ చెవులు వేడెక్కాయి. "మూలకు నువ్వు కొలుచుకో. నాకు పన్నా కావాలె" అన్నాను. యాభై అయిదు అని రాసి ఉన్నదానికి టేపు పెడితే నలభై ఎనిమిది వచ్చింది. ఇంకేమీ మాట్లాడకుండా కొనేశాను.

గోడకు బిగించాక బాపు కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చాడు. తెర వైపు చూడలేదు, గీతల కోసం చూశాడు. కనబడలేదు. చెయ్యి చాపితే టేపు ఇచ్చాను. ఈ అంచు నుంచి ఆ అంచుకు పెట్టి, టేపును వేలికి చుట్టుకుని, "సరిపోయింది" అన్నాడు. చాలా ఏళ్లుగా అనవలసిన మాట అనబోతుండగా ఆయనే అడిగాడు.

"ఎంతకిచ్చిండు?"

చెప్పాను.

"ఎంత తగ్గియ్యమన్నవ్?"

"అడుగలే బాపూ."

"అడుగలేదా!" కర్ర నేలకేసి కొట్టాడు. "సేల్స్ల తిరిగినోనివి, అడుగకుంట ఎట్ల తెచ్చినవ్ రా? ఊకెనే ఇయ్యాల్సిన మిక్సీ ఏది? పో, పోయి తీస్కరాపో! మీ అవ్వకు అప్పటిసంది బాకీ ఉన్నవ్!"

కోపం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ వయసులో తెలిసింది. చెప్పులు వేసుకుని మిక్సీ అడగటానికి బయల్దేరాను. దారి పొడవునా అనుకుంటూనే ఉన్నాను, ఎరువుల సంచి మోసే ఆ పాత బేరగాడు వెంట ఉంటే మిక్సీ తప్పకుండా వచ్చేది. వాణ్ణి తీసుకుపోవటానికి నాకేం అభ్యంతరం లేదు, నోరు ఇంట్లో పెట్టి వస్తానంటే.